విడివిడి హబ్‌లను కలిపి ఒకే నెట్‌వర్క్‌గా నిర్వహించడం ఎలా

చీమకుర్తి చుట్టుపక్కల గ్రానైట్ ఫ్యాక్టరీల్లోకి కంప్యూటర్లు ఒక్కసారిగా రాలేదు. ముందు ఆఫీసులో లెక్కల కోసం రెండు వచ్చాయి, తరువాత వేబ్రిడ్జి గదిలో ఒకటి, ఆ పైన హాజరు యంత్రం, యార్డులో కెమెరాలు, పాలిషింగ్ షెడ్డులో సూపర్‌వైజరు బల్ల మీద మరొకటి చేరాయి. కొత్తది వచ్చిన ప్రతిసారీ దగ్గరలో ఉన్న హబ్‌కు, అంటే కేబుళ్లను కలిపే పెట్టెకు, ఇంకో హబ్ తగిలించి ఆ పూటకు పని జరుపుకొన్నారు. నెల్లూరు రైసు మిల్లుల్లోనూ, తీరం వెంట రొయ్యల చెరువుల దగ్గరి ఆఫీసుల్లోనూ నేను చూసింది ఇదే. పదేళ్లకు ఆ గొలుసు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పగలిగేవారు ఎవరూ మిగలరు.

పని మొదలుపెట్టే ముందు ఒక విషయం మనసులో ఉంచుకోండి. మామూలు హబ్‌ను ఎవరూ నిర్వహించలేరు. దానికి చిరునామా లేదు, పాస్‌వర్డు లేదు, అడిగితే చెప్పడానికి లెక్కలు లేవు. మనం నిర్వహించగలిగేది ఆ హబ్ వేలాడుతున్న పోర్టును, అంటే దాని కేబుల్ దూరే రంధ్రాన్ని. అందువల్ల ప్రతి హబ్‌నూ నేరుగా ఒక మేనేజ్డ్ స్విచ్ (మనం అమరికలు మార్చి లెక్కలు చూడగలిగే పెట్టె) పోర్టుకు వేలాడదీసి, దాని మంచిచెడ్డలన్నీ ఆ పోర్టు ద్వారానే చూసుకోవడం ఈ పని మొత్తానికి ఆధారం. కింద చెప్పే ప్రతి మెట్టూ దానికోసమే.

మొదటి పని: నడిచి చూసి పటం గీయడం

ఆఫీసులో కూర్చొని పటం గీయకండి. స్థలంలో అన్నిటికంటే దూరంగా ఉన్న పరికరం దగ్గరికి వెళ్లి, దాని కేబుల్ పట్టుకొని వెనక్కి నడవండి. దారిలో తగిలిన ప్రతి పెట్టెకూ ఒక నంబరు ఇచ్చి, దాని మీద ఉన్న మోడల్, పోర్టుల సంఖ్య, వేగం రాసుకోండి. కేబుల్ పొడవు కొలవడానికి టేపు అక్కరలేదు. చాలా కేబుళ్ల తొడుగు మీద వరుసగా పెరిగే అంకెలు ముద్రించి ఉంటాయి. గుడ్డతో దుమ్ము తుడిచి ఒక కొసన ఉన్న అంకెనూ, రెండో కొసన ఉన్న అంకెనూ చదివి పెద్దదాని నుంచి చిన్నది తీసేస్తే పొడవు వస్తుంది. ఆ అంకెలు కొన్నిటి మీద మీటర్లలో, కొన్నిటి మీద అడుగుల్లో ఉంటాయి కాబట్టి పక్కన ఉన్న అక్షరాన్ని కూడా చూడండి.

ఉదాహరణకు ఒక ఫ్యాక్టరీని తీసుకుందాం. ఆఫీసు నుంచి కటింగ్ షెడ్డుకు 60 మీటర్లు, పాలిషింగ్ షెడ్డుకు 85 మీటర్లు, గేటు దగ్గరి వేబ్రిడ్జి గదికి 140 మీటర్లు, హాజరు గది వేబ్రిడ్జి పక్కనే. ఈ అంకెలను గుర్తుంచుకోండి, ముందు ముందు వీటితోనే పని.

రెండో పని: ఏది హబ్, ఏది స్విచ్

మన దగ్గర దుకాణాల్లో నాలుగు రంధ్రాలున్న ప్రతి పెట్టెనూ హబ్ అనే అంటారు, కానీ లోపల ఉన్నది ఎవరి మాటను వారి పోర్టుకే పంపే స్విచ్ అయితే మనం తీసుకోవలసిన జాగ్రత్తలు వేరు. నిజమైన హబ్ ఒక పోర్టులో విన్నదాన్ని మిగిలిన అన్ని పోర్టుల్లోనూ తిరిగి పలుకుతుంది. ఒకే తీగను అందరూ పంచుకున్న తొలినాటి ఈథర్నెట్‌ను మడిచి ఒక పెట్టెలో పెట్టినట్లు అనుకోండి. ఒకేసారి ఇద్దరు మాట్లాడితే రెండు మాటలూ ఢీకొని పాడవుతాయి, ఇద్దరూ ఆగి మళ్లీ ప్రయత్నించాలి. అందుకే హబ్ ఎప్పుడూ హాఫ్ డ్యూప్లెక్స్‌లోనే (ఒకసారికి పంపడమో వినడమో ఒక్కటే) నడుస్తుంది, ఎన్ని పోర్టులున్నా 10 లేదా 100 ఎంబీపీఎస్ వేగాన్ని అందరూ కలిసి పంచుకోవాలి.

గుర్తుపట్టడానికి పెట్టె ముందు భాగం చూడండి. కొలిజన్ (ఢీకొనడం) అని సూచించే చిన్న దీపం ఉంటే అది చాలావరకు హబ్. ఒక పెద్ద ఫైలును ఆ పెట్టెకు తగిలించిన రెండు కంప్యూటర్ల మధ్య కాపీ చేస్తూ, మూడో కంప్యూటర్ నుంచి కూడా ఏదైనా పంపితే ఆ దీపం ఆగకుండా మిణుకుతుంది. దీపం లేని పెట్టెల విషయంలో, మూడో పోర్టుకు తగిలించిన కంప్యూటర్‌లో, కేబుల్ మీద వచ్చే డేటాను చూపే వైర్‌షార్క్ సాఫ్ట్‌వేర్ నడిపి చూడండి. మిగిలిన ఇద్దరి సంభాషణ పూర్తిగా అందులో కనబడితే అది హబ్, అందరికీ పంపే బ్రాడ్‌కాస్ట్‌లు మాత్రమే కనబడితే అది స్విచ్.

మూడో పని: గొలుసును తెంచి నడుమకు తేవడం

హబ్‌కు హబ్ తగిలించడానికి కొలతలున్నాయి. 10 ఎంబీపీఎస్ హబ్‌లయితే ఏ రెండు కంప్యూటర్ల మధ్యనైనా నాలుగుకు మించి ఉండకూడదు. 100 ఎంబీపీఎస్‌కు వచ్చేసరికి హద్దు బాగా బిగిసింది: మొదటి తరగతి (క్లాస్ 1) హబ్ అయితే దారిలో ఒక్కటే ఉండాలి, రెండో తరగతి (క్లాస్ 2) హబ్‌లయితే రెండు ఉండవచ్చు గాని వాటి మధ్య కేబుల్ మామూలుగా 5 మీటర్లకు మించకూడదు. ఒక షెడ్డు నుంచి ఇంకో షెడ్డుకు 5 మీటర్ల కేబుల్ ఎలాగూ చాలదు. కాబట్టి నేను పాటించేది ఒకటే: ఏ హబ్ కిందా ఇంకో హబ్ ఉండకూడదు. ప్రతి హబ్ పైనా వెంటనే స్విచ్ పోర్టే ఉండాలి. స్విచ్ పోర్టు దగ్గర ఢీకొనడాల ప్రాంతం ముగిసి లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది.

మన ఉదాహరణలో ఆఫీసులో 24 పోర్టుల మేనేజ్డ్ స్విచ్ ఒకటి పెట్టండి. అది వేరువేరు నెట్‌వర్క్‌ల మధ్య దారి చూపగల లేయర్ 3 రకమై, కనీసం రెండు ఎస్‌ఎఫ్‌పీ రంధ్రాలు (ఫైబర్ తగిలించే మాడ్యూల్ పెట్టేవి) ఉన్నదై ఉండాలి. కటింగ్, పాలిషింగ్ షెడ్డుల్లోని హబ్‌లు రెండింటికీ అక్కడి నుంచి వేరువేరు కేబుళ్లు లాగండి. వేబ్రిడ్జి 140 మీటర్ల దూరంలో ఉంది. రాగి కేబుల్‌కు హద్దు 100 మీటర్లు. అందులో గోడలో వేసే కేబుల్ 90, రెండు కొసలా కలిపి ప్యాచ్ కార్డులు 10 అని లెక్క. కొందరు దారిలో ఒక చిన్న పెట్టె పెట్టి పొడవు పెంచుతారు. ఆ పెట్టెకు కరెంటు, గొడుగు, కాపలా అన్నీ ఎవరు చూస్తారు? అక్కడ ఫైబర్ వేయండి. వేబ్రిడ్జి గదిలో ఎస్‌ఎఫ్‌పీ ఉన్న 8 పోర్టుల మేనేజ్డ్ స్విచ్ పెట్టి, దాని కింద హాజరు గది హబ్‌ను వేలాడదీయండి.

ఫైబర్‌కు దూరం ఒక్కటే కారణం కాదు. ఈశాన్య రుతుపవనాల కాలంలోనూ, వేసవి చివరి ఉరుముల వానల్లోనూ రెండు భవనాల మధ్య గాలిలో వేలాడే రాగి కేబుల్ పిడుగుపాటు ప్రభావాన్ని మోసుకొచ్చి రెండు కొసలా పోర్టులను కాలుస్తుంది. కవచం ఉన్న రాగి కేబుల్ అయితే, రెండు భవనాల ఎర్తింగ్ మధ్య తేడా ఉన్నప్పుడు ఆ కవచం గుండా కరెంటు ప్రవహిస్తుంది. గాజు పోగులో కరెంటు ప్రవహించదు. లోహపు కవచం ఉన్న ఫైబర్ కొంటే ఆ కవచాన్ని ఎర్తింగ్‌కు కలపాలి. లోహం లేని రకాన్ని పైపులో వేసి పూడ్చితే ఆ బాధ కూడా ఉండదు. సింగిల్ మోడ్ ఆరు పోగుల కేబుల్ తీసుకొని రెండు వాడండి, నాలుగు మిగిల్చి ఉంచండి. రెండు కొసలా ఎస్‌ఎఫ్‌పీలు ఒకే రకంవి, 1000బేస్-ఎల్‌ఎక్స్ అయి ఉండాలి. గ్రానైట్ దుమ్ము ఉన్నచోట ఫైబర్ కొసల మూతలను తగిలించే క్షణం వరకూ తీయకండి, ఎందుకంటే కంటికి కనబడని ఒక్క రేణువు చాలు లింకు బలహీనపడడానికి.

నాలుగో పని: కేబుల్ నాణ్యత, దారి

కేబుల్ కొనేటప్పుడు ఒక తీగను బ్లేడుతో గీకి చూడండి. పైన ఎర్రగా ఉండి లోపల తెల్లగా మెరిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం. అది విరుగుతుంది, ఎక్కువ దూరం మోయలేదు, ఉప్పుగాలి తగిలే తీరప్రాంతంలో క్రింపు దగ్గర, అంటే కొసకు జాకు బిగించినచోట, త్వరగా పాడవుతుంది, కెమెరాలకు కేబుల్ ద్వారానే కరెంటు ఇచ్చేచోట వేడెక్కుతుంది. పూర్తి రాగి క్యాట్ 6 కే ఖర్చు పెట్టండి. క్రింపింగ్ రెండు కొసలా 568బీ వరుసలోనే ఉండాలి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ.

కటింగ్ యంత్రాల మోటార్లకు వెళ్లే త్రీ ఫేజ్ కేబుళ్ల పక్కనే నెట్ కేబుల్‌ను కట్టడం ఈ ఫ్యాక్టరీల్లో నేను ఎక్కువగా చూసే తప్పు. ఒకే ట్రేలో వేస్తే మోటారు మొదలైన ప్రతిసారీ డేటాలో తప్పులు వస్తాయి. కనీసం ఒక అడుగు ఎడంగా వేయండి. దాటక తప్పనిచోట అడ్డంగా, లంబకోణంలో దాటించండి.

పెట్టెల సంగతి కూడా ఇక్కడే చూడాలి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ రోజుల్లో రేకుల షెడ్డు కింద మూసిన డబ్బాలో ఉన్న స్విచ్ పరిస్థితి ఊహించండి. చిన్న స్విచ్‌లు చాలావరకు 40 డిగ్రీల వరకే పనిచేసేలా తయారవుతాయి. షెడ్డులో పెట్టే స్విచ్ ఫ్యాను లేని ఇండస్ట్రియల్ రకం, 70 డిగ్రీలు తట్టుకునేది అయితే మంచిది. ఫ్యాను ఉన్నదాన్ని పెడితే అది రాతి దుమ్మును లోపలికి లాగుతుంది. తడిసిన రాతి బురద ఎండి సర్క్యూట్ మీద పొరగా అంటుకున్న స్విచ్‌లను విప్పి చూసిన తరువాత నేను షెడ్డుల్లో ఫ్యాను ఉన్న పెట్టెలు పెట్టడం పూర్తిగా మానేశాను.

ఐదో పని: హబ్‌ను పోర్టుకు తగిలించడం

పాత హబ్‌లలో అప్‌లింక్ అని ఒక పోర్టు ఉంటుంది. చాలా హబ్‌లలో అది పక్కనున్న చివరి పోర్టుతో కలిసే ఉంటుంది, అంటే రెండింటిలో ఒకదాన్నే వాడాలి. అప్‌లింక్‌లో కేబుల్ పెట్టి, పక్క పోర్టులో ప్రింటరు పెడితే రెండూ సరిగా నడవవు, కారణం మాత్రం ఎవరికీ తోచదు. హబ్‌కు హబ్ కలపాలంటే ఒకప్పుడు క్రాస్ కేబుల్ కావలసి వచ్చేది. ఇప్పటి మేనేజ్డ్ స్విచ్‌లు తమంతట తామే సర్దుకుంటాయి కాబట్టి మామూలు కేబుల్ సరిపోతుంది.

స్విచ్ పోర్టును ఆటో మీదే, అంటే వేగాన్నీ పద్ధతినీ తానే తేల్చుకొనేలా, ఉంచండి. వేగం పెరుగుతుందని ఎవరైనా ఫుల్ డ్యూప్లెక్స్‌గా (ఒకేసారి పంపుతూ వినే పద్ధతి) బిగిస్తే, స్విచ్ తన ఇష్టం వచ్చినప్పుడు పంపుతూ ఉంటుంది, హబ్ వైపు ఢీకొనడాలు జరుగుతూనే ఉంటాయి, స్విచ్ లెక్కల్లో ఎఫ్‌సీఎస్ తప్పులు, అంటే దారిలో పాడై చేరిన డేటా లెక్క, పెరిగిపోతాయి. లింకు దీపం వెలుగుతూనే ఉంటుంది, పింగ్ (అవతలి యంత్రం పలుకుతుందో లేదో చూసే చిన్న సందేశం) కూడా వెళ్తుంది, కానీ పెద్ద ఫైలు మాత్రం కదలదు. ఆటోలో ఉంచితే స్విచ్ హబ్‌ను గుర్తించి హాఫ్ డ్యూప్లెక్స్‌కు దిగుతుంది. ఆ పోర్టు లెక్కల్లో కొన్ని ఢీకొనడాలు కనబడడం సహజం. ఆలస్యపు ఢీకొనడాలు, అంటే లేట్ కొలిజన్లు, ఒక్కటి కనబడినా కేబుల్ పొడవు హద్దు దాటిందనో, హబ్ కింద ఎవరో ఇంకో హబ్ పెట్టారనో అనుమానించండి.

మరీ పాత యంత్రాల నెట్ కార్డు 10 ఎంబీపీఎస్ మాత్రమే పలుకుతుంది. కొన్ని కొత్త స్విచ్‌లలోని 2.5 గిగాబిట్ పోర్టులు ఆ వేగాన్ని అసలు ఒప్పుకోవు. అలాంటిచోట మామూలు 10/100/1000 పోర్టులున్న స్విచ్‌నే ఎంచుకోండి.

ఆరో పని: చిరునామాలు, వీలాన్‌లు

ఒక హబ్‌కు తగిలించిన పరికరాలన్నీ ఒకే పోర్టు గుండా వస్తాయి కాబట్టి అవన్నీ ఒకే వీలాన్‌లో, అంటే స్విచ్ లోపల విడిగా చేసిన ఒకే నెట్‌వర్క్‌లో, పడతాయి. కెమెరా, లెక్కల కంప్యూటరు ఒకే హబ్ మీద ఉంటే వాటిని స్విచ్‌లో ఎంత ప్రయత్నించినా విడదీయలేరు. కాబట్టి ముందు కేబుళ్లు మార్చి, ఒక్కో హబ్ మీద ఒకే రకం పరికరాలు ఉండేలా సర్దండి. ఇది చాలామంది వదిలేసే మెట్టు.

వీలాన్ నంబరు, చిరునామాలోని మూడో సంఖ్య ఒకటే అయితే గుర్తుంచుకోవడం తేలిక. నిర్వహణకు వీలాన్ 10, చిరునామాలు 192.168.10 తో మొదలయ్యేవి, ఆఫీసుకు 20, కెమెరాలకు 30, వేబ్రిడ్జికీ హాజరు యంత్రానికీ 40. స్విచ్‌ల మధ్య ఫైబర్ లింకు అన్ని వీలాన్‌లనూ మోసే ట్రంక్‌గా, హబ్‌లు వేలాడే పోర్టులన్నీ ఒక్క వీలాన్‌కే చెందే యాక్సెస్ పోర్టులుగా ఉండాలి. ఆఫీసులోని లేయర్ 3 స్విచ్ వీటి మధ్య దారి చూపుతుంది. అక్కడే నియమాలు రాయండి: కెమెరాలు రికార్డరు దాటి ఎక్కడికీ పోకూడదు, వేబ్రిడ్జి కంప్యూటరు లెక్కల కంప్యూటరుతో మాత్రమే మాట్లాడాలి, నిర్వహణ వీలాన్‌లోకి మీ కంప్యూటరు తప్ప ఇంకేదీ రాకూడదు.

చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ స్థలమంతటికీ ఒక్కటే ఉండాలి. ఎవరో ఇంటి నుంచి తెచ్చిన వైఫై రూటరును హబ్‌కు తగిలించగానే అది కూడా చిరునామాలు పంచడం మొదలుపెడుతుంది. స్విచ్‌లో డీహెచ్‌సీపీ స్నూపింగ్ (నమ్మని పోర్టు నుంచి చిరునామాలు పంచకుండా అడ్డుకొనే సదుపాయం) పెట్టి, సర్వర్ ఉన్న వైపు పోర్టునూ, స్విచ్‌ల మధ్య లింకులో సర్వర్ వైపున్న కొసనూ మాత్రమే నమ్మకమైనవిగా గుర్తించండి. అయితే ఇక్కడ హబ్‌కు ఒక లోపం ఉంది: ఒకే హబ్ మీద ఉన్న దొంగ రూటరు, దాని పక్క కంప్యూటరు తమలో తాము మాట్లాడుకుంటే ఆ మాట స్విచ్ దాకా వచ్చి ఆగేలోపే పక్కవాడికి చేరిపోతుంది. పోర్టు సెక్యూరిటీలో ఆ హబ్ మీద ఎన్ని పరికరాలున్నాయో అన్నే మ్యాక్ చిరునామాలకు (ప్రతి పరికరానికీ తయారీలో వచ్చిన గుర్తింపు సంఖ్యలు) హద్దు పెట్టండి. ఇంకొకటి చేరగానే మీకు కబురు వస్తుంది.

ఏడో పని: లూప్ నుంచి కాపాడుకోవడం

కొన్నేళ్ల కిందట ఒక ఫ్యాక్టరీలో ఉదయం తొమ్మిదింటికి మొత్తం నెట్‌వర్క్ నిలిచిపోయింది. తూకం చీటీ రాక గేటు దగ్గర లారీలు వరుస కట్టాయి. ఆఫీసులో ఒక్కో కేబులే పీకుతూ, దీపాలు నెమ్మదించే పక్కను వెతుక్కుంటూ పోతే మధ్యాహ్నం రెండింటికి హాజరు గదిలో బల్ల కింద కారణం దొరికింది. ముందురోజు గది కడిగినవారు నేల మీద వేలాడుతున్న కేబుల్ కొస తడవకూడదని, అదే చిన్న ప్లాస్టిక్ స్విచ్‌లో ఖాళీగా ఉన్న రంధ్రంలో జాగ్రత్తగా పెట్టారు. రెండు కొసలూ ఒకే పెట్టెలో ఉన్నాయి. బ్రాడ్‌కాస్ట్ ఒకటి అందులో గిరగిరా తిరుగుతూ స్థలమంతటినీ ముంచేసింది. వారు మంచి ఉద్దేశంతోనే చేశారు. ఆ కొసను అలా వదిలేసింది నేనే.

దీనికి స్పానింగ్ ట్రీ, అంటే స్విచ్‌లు తమలో తాము సందేశాలు పంపుకొని లూప్‌ను పట్టి ఆపే పద్ధతి, మొదటి రక్షణ. వేగవంతమైన రకం, ఆర్‌ఎస్‌టీపీ, ఎంచుకొని, ఆఫీసు స్విచ్ ప్రాధాన్యాన్ని 4096 కు మార్చండి. అన్నిటికీ తయారీలో వచ్చిన 32768 అలాగే ఉంటే, మ్యాక్ చిరునామా చిన్నదైన స్విచ్ ఆ వ్యవస్థకు మూల స్విచ్ (రూట్) అవుతుంది. తరచుగా అది మూలన పడి ఉన్న అన్నిటికంటే పాత స్విచ్ అవుతుంది. హబ్ వేలాడే పోర్టులను ఎడ్జ్ పోర్టులుగా, అంటే అవతల ఇంకో స్విచ్ లేని కొసలుగా, ప్రకటించడం మరిచిపోకండి. హాఫ్ డ్యూప్లెక్స్ పోర్టును ఆర్‌ఎస్‌టీపీ పంచుకున్న లింకుగా లెక్కిస్తుంది కాబట్టి, ఎడ్జ్ అని చెప్పకపోతే కరెంటు వచ్చిన ప్రతిసారీ ఆ హబ్ మీది యంత్రాలు దాదాపు 30 సెకన్లు వేచి ఉండాలి. ఆ పోర్టులకే, స్పానింగ్ ట్రీ సందేశం వస్తే పోర్టును మూసేసే బీపీడీయూ గార్డ్ కూడా పెట్టండి.

అయితే నా అనుభవంలో ఇది ఒక్కటే చాలలేదు. కొన్ని చవక స్విచ్‌లు స్పానింగ్ ట్రీ సందేశాలను మింగేస్తాయి, వాటి లోపల లూప్ ఉన్నా పైనున్న మేనేజ్డ్ స్విచ్‌కు తెలియదు. అందుకని లూప్ ప్రొటెక్షన్ అనే వేరే సదుపాయాన్ని కూడా వేయండి. అది తన సొంత సందేశం పంపి, అదే వెనక్కి వస్తే ఆ పోర్టును మూసేస్తుంది. దానితోపాటు స్టార్మ్ కంట్రోల్ పెట్టి బ్రాడ్‌కాస్ట్‌లకు పరిమితి విధించండి. అప్పుడు హాజరు గదిలో ఏం జరిగినా హాజరు గదే ఆగుతుంది, గేటు దగ్గర లారీలు ఆగవు.

ఎనిమిదో పని: నిర్వహణ

తయారీలో వచ్చిన పాస్‌వర్డును మొదటి రోజే మార్చండి. దూరం నుంచి స్విచ్‌లోకి వెళ్లడానికి, మాటలు దాచని టెల్‌నెట్ ఆపి, దాచి పంపే ఎస్‌ఎస్‌హెచ్ మాత్రమే ఉంచండి. స్విచ్ లెక్కలను దూరం నుంచి అడిగి తెచ్చే ఎస్‌ఎన్‌ఎంపీలో మూడో వెర్షన్ వాడండి, ఎందుకంటే మొదటి రెండు వెర్షన్లలో రహస్యపదం విప్పి చెప్పినట్లే కేబుల్ మీద పోతుంది. జాబిక్స్, లిబ్రెఎన్‌ఎంఎస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ఆఫీసులో ఒక పాత కంప్యూటర్ మీద వేసినా ప్రతి పోర్టు రాకపోకలూ, తప్పుల లెక్కలూ గీతలుగా కనబడతాయి. ప్రతి పోర్టుకూ స్విచ్‌లో తెలుగువారికి అర్థమయ్యే పేరు రాయండి: పోర్టు 7 అని కాకుండా పాలిషింగ్ షెడ్డు హబ్ అని. స్విచ్‌ల గడియారాలను ఎన్‌టీపీతో సరిచేసి భారత కాలమానం పెట్టకపోతే, లాగ్‌లో కనబడే సమయానికీ జరిగినదానికీ ఐదున్నర గంటల తేడా వచ్చి వెతుకులాట పాడవుతుంది.

మార్పు చేసిన ప్రతిసారీ సేవ్ చేయండి. చాలా స్విచ్‌లలో ఇప్పుడు నడుస్తున్న అమరిక వేరు, తిరిగి వెలిగినప్పుడు చదివే అమరిక వేరు. సేవ్ చేయకపోతే రాత్రి కరెంటు పోయి రాగానే మీ పని అంతా మాయమవుతుంది. సేవ్ చేసిన అమరికను ఒక ఫైలుగా దించి వేరే కంప్యూటర్‌లో దాచండి.

మార్పు చేసే రోజు

యంత్రాలు ఆగే సెలవు రోజును ఎంచుకోండి. కొత్త స్విచ్‌లను ముందే ఆఫీసు బల్ల మీద పెట్టి అమరిక మొత్తం చేసి, ఒక రోజంతా నడిపి చూడండి. మార్చే రోజున ఒక్కో హబ్‌నే పాత గొలుసు నుంచి తీసి కొత్త పోర్టుకు తగిలించి, దాని మీది ప్రతి పరికరం నుంచి గేట్‌వేకు (దారి చూపే ఆఫీసు స్విచ్ చిరునామాకు) పింగ్ చేసి, వేబ్రిడ్జిలో నిజమైన తూకం చీటీ ఒకటి తీసి, హాజరు యంత్రం మీద వేలు పెట్టి చూసిన తరువాతే ఇంకో హబ్‌ను ముట్టుకోండి. రెండు హబ్‌లు ఒకేసారి మార్చి ఏదో పనిచేయకపోతే తప్పు ఎక్కడ జరిగిందో తెలియదు. పాత కేబుళ్లను వారం రోజులు కత్తిరించకుండా చుట్టి కట్టి ఉంచండి, కానీ రెండు కొసలనూ పోర్టుల నుంచి తీసి ఉంచండి.

హబ్‌లను తీసేసే వరస

బడ్జెట్ దొరికినప్పుడల్లా ఒక్కో హబ్‌ను స్విచ్‌తో మార్చండి. మొదట కెమెరాల హబ్ పోవాలి. కెమెరాలు రోజంతా ఆగకుండా పంపుతూనే ఉంటాయి కాబట్టి ఢీకొనడాల బాధ వాటిదే ఎక్కువ. పైగా కేబుల్ ద్వారానే కరెంటు ఇచ్చే పీఓఈ స్విచ్ పెడితే కెమెరాలకు వేరే అడాప్టర్లు అక్కరలేదు. 802.3ఏఎఫ్ రకంలో పోర్టుకు 15.4 వాట్ల వరకూ వస్తుంది, మామూలు కెమెరాకు అది సరిపోతుంది. తరువాత ఆఫీసు హబ్. హాజరు యంత్రం ఒక్కటే ఉన్న హబ్‌ను మార్చడానికి తొందర అక్కరలేదు. నెలకు ఒకసారి దాని పోర్టు లెక్కలు చూడండి. లేట్ కొలిజన్లు సున్నాగా, ఎఫ్‌సీఎస్ తప్పులు పెరగకుండా ఉన్నంతకాలం దాన్ని అలాగే నడవనివ్వండి.